మూడు సీసాలకి పదిహేను వందలు: మా గోవా యాత్ర

ముందు ఆ లాడ్జి సంగతి చెప్పేస్తే గాని నా కడుపుమంట చల్లారదు.

కలంగూట్ మెయిన్ రోడ్డు మీంచి నాలుగు సందులు తిరిగితే వస్తుంది. యాప్‌లో పెట్టిన ఫోటోలో స్విమ్మింగ్ పూల్ ఉంది. వెళ్ళి చూస్తే ఆ పూల్ పక్క హోటల్ వాళ్ళది, మా బాల్కనీలోంచి కనిపిస్తుంది, అంతే. ముగ్గురికి ఒక గది, రోజుకి 2,400. కింద వేసిన పరుపుకి ఇంకో 500. చెక్-ఇన్ అప్పుడు 3,000 డిపాజిట్ కట్టమంటే కట్టాం. రెండు రాత్రులయ్యాక ఖాళీ చేస్తుంటే కౌంటర్ కుర్రాడు పైకి వెళ్ళి, మా గదిలో చెత్తబుట్ట తిరగేసి కిందికొచ్చాడు. "బయటి సీసాలు మూడు. సీసాకి 500. మొత్తం 1,500" అన్నాడు.

గోవా వెళ్ళి గదిలో సీసా తెరిస్తే జరిమానా ఏమిటి అని అడిగితే రూల్స్ బోర్డు చదవలేదా అన్నాడు. ఆ బోర్డు ఎక్కడుందంటే, తలుపు వెనకాల టవల్ తగిలించే మేకు కింద. రెండు రోజులూ దాని మీద మా బావ టవల్ ఆరుతూనే ఉంది. సరే, తప్పు మాదే అనుకుందాం. ఆ మూడు సీసాల్లో ఒకటి బీరు, ఒకటి లిమ్కా, మూడోది మా బావ ఇంటి నుంచి తెచ్చుకున్న కొబ్బరినూనె. బావ ఆ సీసా తీసి కుర్రాడి ముక్కు దగ్గర పెట్టాడు. "ఇది కూడా తాగుతామేట్రా?" అని తెలుగులోనే అరిచాడు. కుర్రాడు వాసన చూశాడు, మొహం చిట్లించాడు, 1,500 మాత్రం వెనక్కి ఇవ్వలేదు. మీరు గోవాలో డిపాజిట్ అడిగే చోట దిగితే ముందు తలుపు వెనకాల చూడండి.

మేం ముగ్గురం. నేను విశాఖలో ఉద్యోగం. మా బావకి శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర మూడెకరాల జీడితోట. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి సగం చెట్లు కూలిపోతే మళ్ళీ నాటుకుని నిలబెట్టాడు. మూడోవాడు మా పిన్ని కొడుకు, ఇరవై మూడేళ్ళు. వాడికి గోవా అంటే బాగా అనే బీచ్, డీజే, రాత్రి రెండింటిదాకా తిరగడం. బావకి గోవా అంటే ఒకటే ప్రశ్న: "మన తోటల్లో కుళ్ళిపోతన్న జీడిపండుని ఆళ్ళు ఏటి సేసి అంత డబ్బులు సంపాదిస్తన్నారు?" అందుకే జీడిపళ్ళు రాలి, వాటితో ఫెనీ అనే మందు కాచే ఏప్రిల్‌లో వెళ్ళాం. మిగతా ఎవరైనా డిసెంబర్‌లో వెళ్తారు. ఆ ఎండకి తమ్ముడు మొదటి రోజే అలిగాడు.

వాస్కో వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాం. థర్డ్ ఏసీ. ప్రయాణంలో చెప్పుకోవాల్సింది ఏమీ లేదు. దూద్‌సాగర్ జలపాతం ఏప్రిల్‌లో ఎండిన బండే.

మొదటి సాయంత్రం బాగాలో తమ్ముడు వైన్ షాపులో చిన్న బీరు కొని, ఇసకలో కూర్చుని మూత తీయబోయాడు. పక్కన పాక హోటల్, అంటే షాక్‌లో పనిచేసే ముసలాయన పరిగెత్తుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. బీచ్‌లో బహిరంగంగా తాగితే జరిమానా. 2019లో ఈ రూల్ పెట్టినప్పుడు ఒక్కడికి 2,000, గుంపైతే 10,000 ఉండేది. అదే సీసా పది అడుగుల అవతల షాక్ కప్పు కింద కూర్చుని తాగితే ఏ తప్పూ లేదు, కాకపోతే అక్కడ దాని ధర రెట్టింపు. ముసలాయన మంచితనం వల్ల బతికాం. కృతజ్ఞతగా ఆయన షాక్‌లోనే కూర్చుని రవ్వలో వేయించిన చేప తిన్నాం, 350. చేప తాజాగా ఉంది. బావ మాత్రం కారం లేదని రెండు పచ్చిమిరపకాయలు అడిగి తెప్పించుకున్నాడు.

రెండో రోజు అద్దె స్కూటర్ల మీద (ఒక్కోటి 400) సరిహద్దు దాటి సావంత్‌వాడి వెళ్ళాం. అక్కడి చెక్క బొమ్మలు మన ఏటికొప్పాక బొమ్మలకి చుట్టాల్లా ఉంటాయి. లక్క పూసిన చెక్కపళ్ళ బుట్ట ఒకటి మా ఆవిడకి కొన్నాను. అసలు కథ మధ్యాహ్నం భోజనానికి ఆగిన బార్‌లో జరిగింది. మహారాష్ట్రలో మందు తాగాలంటే పర్మిట్ ఉండాలి. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం ఇంకా బతికే ఉంది. ఒక్కరోజు పర్మిట్ విదేశీ మద్యానికి 5 రూపాయలు, దేశీకి 2. కావాలంటే జీవితకాలం పర్మిట్ కూడా ఉంది, వెయ్యి రూపాయలు. ఏ పర్మిట్ అయినా ఇచ్చేది ఆరోగ్య పరిరక్షణ కోసమట! బావ తన ఒక్కరోజు పర్మిట్ చీటీ మడిచి పర్సులో ఆధార్ కార్డు వెనకాల పెట్టుకున్నాడు. ఇంటికెళ్ళాక అక్కకి చూపించి, నేను తాగేది ఆరోగ్యానికే, గవర్నమెంటే రాసిచ్చింది అని చెప్తాడట.

తమ్ముడికి మాత్రం అక్కడ విస్కీ ఇవ్వలేదు. ఇరవై అయిదు నిండాలి, అప్పటిదాకా బీరే. గోవాలో 21, మన దగ్గర 21, మనకి కాకినాడ పక్కనే ఉన్న యానాంలో 18. "పొద్దున్న గోవాలో పెద్దోణ్ణి, మధ్యాహ్నానికి చిన్నపిల్లోణ్ణి అయిపోయాను" అని గొణుక్కుంటూ తిన్నాడు. గోవా సీసా ఒకటి స్కూటర్ డిక్కీలో పెట్టుకొద్దామన్న వాడి ఐడియాని పొద్దున్నే బావ కొట్టిపారేయడం మంచిదైంది. సుంకం కట్టని గోవా మందు ఆ పక్క దొరికితే అది కేసే.

మూడో రోజు లాడ్జి గొడవ అయ్యాక కోపంతో తీర్మానించాం: ఇంక బీచ్ వద్దు. సత్తరి తాలూకాలో వాల్పోయ్ దాటి ఒక ఊళ్ళో హోమ్‌స్టే, ముగ్గురికి 1,800, పొద్దుటి టిఫిన్ కలిపి. రాత్రి భోజనం మనిషికి 250. పెంకుటిల్లు, చుట్టూ పోక చెట్లు, వెనకాల కొండ నిండా జీడిచెట్లు. స్కూటర్ దిగగానే బావ గాలి పీల్చి, "మా ఊరొచ్చీసినాం" అన్నాడు. నిజంగానే అదే వాసన. ఎండలో మాగిన జీడిపండు వాసన, తియ్యగా, కొంచెం పులిసినట్టు, ముక్కులో అతుక్కునేది.

మన దగ్గర ఏం చేస్తామో ఉద్దానం (మందస, పలాస చుట్టుపక్కల) వాళ్ళకి చెప్పక్కర్లేదు. పిక్క మెలితిప్పి తీసుకుంటాం, పండు చెట్టు కింద వదిలేస్తాం. పిల్లలు ఉప్పు రాసుకుని నాలుగు తింటారు, మిగతావి పశువులకి, ఈగలకి. పలాస జీడిపప్పు అని పేరంతా పిక్కకే. పండు సంగతి ఎవరూ అడగరు.

ఇక్కడ పిక్క తీశాక పండుకి రెండో జీవితం ఉంది. ఆ ఇంటాయన మమ్మల్ని భట్టీకి, అంటే పండురసం కాచి మందు తీసే చోటికి, తీసుకెళ్ళాడు. పండు కోయరు, దానంతట అది రాలాలి. రాలిన పళ్ళు తెచ్చి తొక్కి రసం తీస్తారు. వెనకటికి రాతి తొట్టిలో కాళ్ళతో తొక్కేవారు, ఇప్పుడు చాలామందికి చిన్న మిషన్ ఉంది. తొక్కగా మిగిలిన పిప్పిని ముద్ద చేసి బరువు పెడితే బొట్టు బొట్టుగా కారేది నీరో. దాన్ని పులియక ముందే గ్లాసుల్లో పోసిచ్చారు. తేనెలా తియ్యగా ఉంది, చివర్లో గొంతు పట్టేసే వగరు. బావ రెండు గ్లాసులు తాగి మాట్లాడకుండా కూర్చున్నాడు.

మొదటి రసాన్ని మూడు రోజులు పులియబెడతారు. నీళ్ళు కలపరు, ఈస్ట్ వేయరు. తర్వాత రాగి బానలో పోసి కింద కట్టెల మంట. ఆవిరి గొట్టంలోంచి, నీళ్ళలో ముంచిన కుండలోకి దిగుతుంది. మొదటి కాపులో వచ్చేది ఉర్రాక్, ఘాటు పదిహేను శాతం చుట్టుపక్కల. వేసవి రెండు మూడు నెలలే దొరుకుతుంది, నిల్వ ఉండదు. దాన్ని మళ్ళీ రసంతో కలిపి కాస్తే ఫెనీ, నలభై శాతం దాటుతుంది. పోసినప్పుడు పైన నురగ ఎలా నిలుస్తుందో చూసి ఘాటు చెప్పేస్తాడు ఇంటాయన. ఫెనీ అన్న పేరే నురగ నుంచి వచ్చిందట. మనం పుస్తకాల్లో చదువుకున్న ఫేనం ఇదే కదా అని నాకు అప్పుడు తట్టింది.

భట్టీ దగ్గర ఉర్రాక్ సీసా 200. ఊరి చివర చిన్న తవెర్నాలో గ్లాసు 60. తవెర్నా అంటే మన కల్లు కాంపౌండుకీ టీ కొట్టుకీ మధ్యలో ఏదో. నాలుగు బల్లలు, మేరీమాత పటం, సీలింగ్ ఫ్యాన్. ఉర్రాక్‌లో లిమ్కా, నిమ్మచెక్క, ఉప్పు, నిలువుగా చీల్చిన పచ్చిమిర్చి వేసిచ్చారు. ఆ ఎండలో అది లోపలికి దిగుతుంటే, నిజం చెప్తున్నా, నేను ఇప్పటిదాకా తాగిన ఏ ఖరీదైన మందూ దీని ముందు నిలవదు. పచ్చిమిర్చి కారం చివర్లో నాలిక కొసన తగులుతుంది. తమ్ముడు అలక మానేశాడు. బాగా బీచ్ పేరు మళ్ళీ ఎత్తలేదు.

ఫెనీ సంగతి వేరు. మొదటి గుక్కకి ఎవరికీ నచ్చదు. తమ్ముడు "శానిటైజర్‌లో జీడిపండు పిండినట్టుంది" అన్నాడు. ఆ ఊళ్ళో రెండో రోజు రాత్రి కోకమ్ పండు పులుపు వేసిన చేపల పులుసుతో తాగితే నాకు కాస్త దారికొచ్చింది. బావ మాత్రం నీళ్ళు కూడా కలపకుండా, కళ్ళు మూసుకుని చప్పరిస్తూ ఇంటాయన్ని అడుగుతూనే ఉన్నాడు. తను మాట్లాడే ఒడియా, తెలుగు కలగలుపునే హిందీ అనుకుంటాడు బావ. అయినా ఇద్దరు జీడిరైతులకి భాష అడ్డం రాలేదు. లైసెన్సు ఎలా? ఎక్సైజు వాళ్ళు జీడితోటలని జోన్లుగా చేసి ఏటా వేలం వేస్తారు. పేరు? 2009లో ఇది గోవా సరుకే అని జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. 2016లో గోవా ప్రభుత్వం వారసత్వ పానీయం అని కూడా ప్రకటించింది. బ్రెజిల్ నుంచి పోర్చుగీసు వాళ్ళు తెచ్చిన చెట్టుకి ఇంత మర్యాద.

"మరి మనం సేస్తే?" అన్నాడు బావ నా వైపు తిరిగి.

మనం చేస్తే నాటుసారా కేసు. 1993లో సారా నిషేధం, 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం, రెండేళ్ళకే దాన్ని ఎత్తేయడం, 2019లో ప్రభుత్వ దుకాణాలు, 2024లో మళ్ళీ ప్రైవేటు షాపులు, 99 రూపాయల క్వార్టర్. ఇన్ని మలుపుల్లో తాటికల్లుకి గీత కార్మికుల సొసైటీలు ఉన్నాయి గానీ జీడిపండుకి ఒక్క గీత కూడా లేదు. సారా వల్ల మన ఊళ్ళలో ఆడవాళ్ళు ఎంత ఏడ్చారో చూసినవాణ్ణే, భట్టీలు పెట్టండి అని నేను అనను. కానీ కనీసం ఆ నీరో అయినా, పులియకముందు రసమైనా, సీసాలో కట్టి అమ్ముకోవచ్చు కదా అని బావ వాదన. నా దగ్గర జవాబు లేదు.

తిరుగు ప్రయాణానికి బావ వాళ్ళ నాన్నకి ఒక ఫెనీ సీసా తీసుకెళ్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒకప్పుడు పక్క రాష్ట్రం నుంచి మనిషికి మూడు సీసాలు ఆంధ్రాకి తెచ్చుకోవచ్చు అనేవారు, 2020 అక్టోబరులో ఆ వెసులుబాటు తీసేశారు. పర్మిట్ లేకుండా పట్టుబడితే ఉద్యోగం సంగతి ఏమవుతుందో అని నాకు టెన్షన్. ఇద్దరం మాపుసా బజారులో పావుగంట గొడవ పడ్డాం. చివరికి మిగిలిన ఫెనీ హోమ్‌స్టే ఆయనకే ఇచ్చేసి, దానికి బదులు ఆయన దగ్గర అటక మీద ఉన్న పాత గర్రఫావ్ తీసుకున్నాడు బావ. వెదురు అల్లిక చుట్టిన పెద్ద గాజు సీసా అది, పూర్వం ఫెనీ అందులోనే దాచేవారు. ఆయన డబ్బు వద్దన్నాడు, బావ బలవంతాన 600 చేతిలో పెట్టాడు.

రైలు దిగేదాకా ఆ సీసాని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కంపార్ట్‌మెంట్ అంతా ఫెనీ వాసన. ఎదురు సీటులో పెద్దావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గుంటూరు దాకా మమ్మల్ని చూస్తూనే ఉంది. దిగే స్టేషన్‌లో బ్యాగులు తనిఖీ చేస్తున్న ఆయన గర్రఫావ్ మూత తీసి వాసన చూసి, తలకిందులు చేశాడు. ఒక్క బొట్టు కూడా రాల్లేదు. మళ్ళీ వాసన చూశాడు.

"ఇందులో ఏముండేది?"

"జీడిపండు, బాబూ" అన్నాడు బావ. "మా తోటలో కూడా ఉన్నాయి. ఊరికే ఇస్తాను, తీసుకెళ్తారేటి?"