జాగ్రత్త: ఆ కన్సల్టెన్సీలో రేడియేటర్ ఉన్న పాత బండి కొనేవాళ్లు అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి

ఆటోనగర్ వైపు పాత టూరింగ్ బండ్లు అమ్మే ఆ కన్సల్టెన్సీ ఏదో బెజవాడ, గుంటూరు బండి పిచ్చోళ్లలో చాలామందికి తెలుసు. పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. ట్యాంకు మీద చెయ్యేసి నిలబడి "షోరూం కండిషన్ బ్రదర్, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అని రీల్స్ పెడుతుంటాడే, ఆయనే. కళ్లు మూసుకుని అని ఎందుకంటాడో నాకు ఇప్పుడు అర్థమైంది. తెరిచి చూస్తే కొనరు కదా!

బండి 250 సీసీ లిక్విడ్ కూల్డ్ (అంటే ఇంజిన్‌ని నీళ్లు, రేడియేటర్‌తో చల్లబరిచే రకం), ఫ్యూయల్ ఇంజెక్షన్, 2012 మోడల్, ఏపీ 39 నంబర్లు రాకముందు నాటి గుంటూరు 07 బండి. కంపెనీ పేరు కూడా రాయను, ఎందుకంటే బండి తప్పేం లేదు, మంచి ఇంజిన్. 78 వేలకి బేరం కుదిరింది, ఫారం 29, ఫారం 30 సంతకాలు, ఆర్సీ, ఇన్సూరెన్స్, అన్నీ పద్ధతిగానే జరిగాయి. కాగితాల్లో మోసం ఉంటే పట్టుకునేవాణ్ణేమో, వీళ్ల మోసం వైరింగులో ఉంది.

నేను చూడ్డానికి వెళ్లేసరికే బండి స్టార్ట్ చేసి ఉంది. "మీరొస్తున్నారని వార్మప్ చేసి ఉంచాను సార్" అన్నాడు. ఆ మర్యాదకి నేను పొంగిపోయాను. మీటర్లో టెంపరేచర్ సగం దగ్గర బుద్ధిగా నిలబడి ఉంది, ముందు రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోంది. ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతుందేంటని అడిగితే, "మన వేసవికి సరిపోవాలని స్పెషల్ వైరింగ్ చేయించాం సార్, కీ ఆన్ చేస్తే చాలు" అన్నాడు. బెంజ్ సర్కిల్ దాకా వెళ్లొచ్చాను, సగం మీద నుంచి గీత కదల్లేదు. ఎంత స్థిరమైన బండి అనుకున్నాను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అలాంటి ఎండలో ట్రాఫిక్‌లో నిలబడినా గీత కదలని బండి లోకంలో ఉంటుందా? ఉంటుందని నమ్మాను లెండి.

ఇంటికి తెచ్చిన మర్నాటి నుంచే పొద్దున్న స్టార్ట్ అవడానికి మొరాయించడం మొదలు. సెల్ఫ్ కొట్టగా కొట్టగా ఎప్పటికో అందుకునేది, ఒకసారి వేడెక్కాక మాత్రం ఒక్క నొక్కుకే. ఫోన్ చేస్తే "ఇంజెక్షన్ బండి సార్, పెట్రోల్ బంకు మార్చి చూడండి" అన్నాడు. మార్చాను. బంకులన్నీ తిరిగాను. రిజర్వ్ ట్యాంకులో కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, తగ్గుతోందంటే "కొత్తలో అలాగే తాగుద్ది, సర్దుకుంటది" అన్నాడు. కొత్తలో ఏంటయ్యా, పుష్కరం దాటిన బండికి?

మొన్న బావమరిదిని వెనక ఎక్కించుకుని గుంటూరు బయల్దేరాను. వారధి దాటి, మంగళగిరి దాటి, కాజ టోల్ దగ్గరికి వచ్చేసరికి బండి లాగడం తగ్గింది, తర్వాత కింద నుంచి బుస్సుమని ఆవిరి. బావమరిది "బావా, కాలు కాలుతోంది బావా" అని కదిలే బండి మీంచి దూకినంత పని చేశాడు. అప్పుడు కూడా మీటర్లో గీత ఎక్కడుందనుకుంటున్నారు? సగం దగ్గరే. ఇంజిన్ మరిగి ఆవిరి కక్కుతుంటే మీటరు మాత్రం అంతా చల్లగా ఉందంటోంది. రేడియేటర్ మూత తీయబోతుంటే పక్కన ఆగిన లారీ డ్రైవర్ గట్టిగా అరిచి ఆపాడు, లేకపోతే మొహం మీద మరిగే నీళ్లు పడేవి. ఆ మనిషికి దండం పెట్టాలి. ఇంజిన్ చెయ్యి పెట్టగలిగేంత చల్లారేదాకా ఆ మూత ముట్టుకోకూడదు, ఎంత తొందరున్నా సరే.

బండిని ట్రాలీ ఆటోలో ఆటోనగర్ తిరిగి తెచ్చాను, ఆ కన్సల్టెన్సీకి కాదు, పెద్ద బండ్లు చేసే ఒక ముసలి మేస్త్రి దగ్గరికి. ఆయన మొదట అడిగింది ఒక్కటే. "ట్రాఫిక్‌లో కాగిందా బాబూ, రన్నింగ్‌లో కాగిందా?" రన్నింగ్‌లో అన్నాను. "అయితే ఒక్క ఫ్యాన్‌తో పోయే రోగం కాదు" అన్నాడు. ఆయన చెప్పిందేంటంటే, బండి స్పీడుగా పోతుంటే ఎదురుగాలే రేడియేటర్ని చల్లబరుస్తుంది, అప్పుడు ఫ్యాన్‌తో పెద్ద పని ఉండదు. సిగ్నల్ దగ్గర మాత్రమే వేడెక్కితే ఫ్యాన్, ఫ్యూజు, రిలే చూడాలి. పరుగులో వేడెక్కితే నీళ్లు తగ్గడమో, రేడియేటర్ పూడుకుపోవడమో, వేడెక్కాక నీళ్లని రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్ తెరుచుకోకపోవడమో, వాటర్ పంపో, సిలిండర్‌కీ హెడ్‌కీ మధ్య సీలు లాంటి హెడ్ గాస్కెట్టో అయి ఉంటుంది.

చల్లారాక మూత తీశాడు. లోపల పచ్చరంగో నీలంరంగో కూలెంట్ ఉండాలి కదా, తుప్పు రంగు నీళ్లున్నాయి. వేలు పెట్టి తీస్తే అడుగున బురదలాంటి జిడ్డు. "లీకు ఆపే పౌడర్ పోశార్రా" అన్నాడు మేస్త్రి. ఆ పౌడర్ చిన్న కారుడిని పూడుస్తుంది నిజమే, దాంతోపాటు రేడియేటర్లోని సన్న గొట్టాల్ని కూడా పూడ్చేస్తుంది, దానికి లీకేదో దారేదో తెలీదు. దానికి తోడు బోరు నీళ్లు పోసి ఉంటారు, ఉప్పు పేరుకుంది, అల్యూమినియం తినేసింది. మూతకుండే రబ్బరు పగిలిపోయి ఉంది. చిన్న రబ్బరే కదా అనుకోకండి. మూత ఒత్తిడిని నిలబెడితేనే లోపలి నీళ్లు 120 డిగ్రీల దాకా మరగకుండా ఆగుతాయి, అది పోతే 100 దగ్గరే మరిగిపోతాయి. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి సీలు పోతే అందులోంచి చుక్కలు కారతాయి. మా బండికి అక్కడ తడి తుడిచి నల్ల గ్రీజు రాసేశారు, కనపడకుండా!

ఇంకా ఉంది. నీళ్లు నింపి, మూత లేకుండా, చల్లగా ఉన్న ఇంజిన్ని స్టార్ట్ చేశాడు. నీళ్లలో బుడగలు. గాలి ఇరుక్కుంటే మొదట్లో కాసేపు బుడగలు వస్తాయట, గాలి పోయాక ఆగిపోతాయి. ఇవి ఆగలేదు, యాక్సిలరేటర్ ఇస్తే ఇంకా ఎక్కువయ్యాయి. అంటే సిలిండర్లోని గ్యాసు నీళ్లలోకి తోసుకొస్తోంది, హెడ్ గాస్కెట్ పోయింది. ఆయిల్ పోసే మూత తీసి చూపించాడు, లోపల పాలు కలిపినట్టు తెల్లటి జిగురు. బండి నా దగ్గరికి రాకముందే ఎన్నిసార్లు మరిగిందో దేవుడికే తెలియాలి.

అన్నిటికన్నా నా రక్తం మరిగింది తర్వాత చూపించిన దానికి. కీ ఆన్ చేసి, ఇంజిన్ చల్లగా ఉందని చెయ్యి పెట్టించి, మీటరు చూడమన్నాడు. సగం. చల్లటి ఇంజిన్‌కి సగం! ట్యాంకు లేపి టెంపరేచర్ సెన్సర్ వైరు పట్టుకుని వెనక్కి వెళ్తే, సెన్సర్ కనెక్టర్ పీకేసి ఉంది, ఆ వైర్ల మధ్య కరెంటుని అడ్డుకునే ఒక చిన్న రెసిస్టర్ పెట్టి నల్ల టేపు చుట్టేశారు. రూపాయో రెండ్రూపాయలో చేసే ముక్క. సెన్సర్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతూ ఉంటుంది, ఆ లెక్క చూసి ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, వేడెంతో తెలుసుకుంటుంది. ఈ ముక్క పెట్టేస్తే ఈసీయూకి జీవితాంతం ఒకటే వేడి కనిపిస్తుంది. అందుకే మీటరు కదల్లేదు. అందుకే ఫ్యాన్ ఆన్ చేయమని ఈసీయూ ఎప్పటికీ చెప్పదు కాబట్టి, ఫ్యాన్‌ని కీకి డైరెక్టుగా కలిపి దానికి స్పెషల్ వైరింగ్ అని పేరు పెట్టాడు. అందుకే పొద్దున్నపూట స్టార్ట్ కాలేదు, ఇంజిన్ వేడిగానే ఉందనుకుని ఈసీయూ పెట్రోల్ తక్కువ పంపుతోంది. అందుకే నేను వెళ్లేసరికి బండి వార్మప్ చేసి ఉంచాడు. అంతా ఒకదానికొకటి అతికింది. నేనేమో బంకులు మారుస్తున్నాను.

ఆ రెసిస్టర్ జేబులో వేసుకుని కన్సల్టెన్సీకి వెళ్లాను. లోపల ఏసీ, ఫోన్‌లో క్రికెట్, ఎదురుగా తెనాలి నుంచి వచ్చిన ఒక నాన్న, డిగ్రీ చదివే వయసు కొడుకు, బండి చూడ్డానికి వచ్చినట్టున్నారు. నన్ను చూడగానే "రండి సార్, మజ్జిగ తాగుతారా" అన్నాడు. బండి కాజ దగ్గర మరిగిందన్నాను. నవ్వి, వాళ్లిద్దరికీ వినపడేలా, "వేసవికాలం సార్, ఏసీలో కూర్చున్న మనకే చెమటలు పడుతున్నాయి, బండికి పట్టవా?" అన్నాడు. ఆ కుర్రాడు కూడా నవ్వాడు. నేను రెసిస్టర్ తీసి టేబుల్ మీద పెట్టాను. "ఇదేంటి సార్, రేడియోలోదా?" అన్నాడు. అప్పటికి కూడా మొహంలో ఏమీ లేదు, ఎంత ప్రశాంతత! అంతలో లోపల నుంచి వచ్చిన మెకానిక్ కుర్రాడు, పాపం విషయం తెలీక, దాన్ని చూసి "అన్నా, ఆ 07 బండికి మనం వేసిందే కదా, మీరే వేయమన్నారు" అన్నాడు.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను అనుకున్నాను, ఇప్పుడైనా సారీ చెప్తాడని. ఫోన్ బోర్లా పెట్టి, సార్ అనే పిలుపు కాస్తా మాయమై, ఏం చెప్పాడో తెలుసా? "వేశామయ్యా, అయితే? మీటరు ఊరికే ఎక్కువ చూపిస్తుంటే కస్టమర్లు టెన్షన్ పడతారని వేశాం. దానికి నీ దగ్గర డబ్బులేమన్నా తీసుకున్నామా?" అది ఫ్రీ సర్వీసు అన్నమాట! నేను థాంక్స్ చెప్పి రావాలి! బండి నడిపి చూసుకున్నావు, సంతకం పెట్టావు, అమ్మాక మాకు సంబంధం లేదు అన్నాడు. రిపేరుకి 22 వేలు అవుతుందంటున్నారు, కనీసం సగం పెట్టుకోమన్నాను. అప్పుడు మళ్లీ సార్ వచ్చింది. "అంత ఇబ్బందిగా ఉంటే బండి వెనక్కి తీసుకుంటాను సార్, 35కి. ఇప్పుడే క్యాష్." 78 వేలకి అమ్మి ఇంకా టైర్ల మీద మట్టి ఆరకముందే 35! తీసుకుని ఏం చేస్తాడో చెప్పక్కర్లేదు, ఇంకో రూపాయి ముక్క పెట్టి ఇంకొకరికి వార్మప్ చేసి ఉంచుతాడు. తెనాలి నాన్నగారు మాత్రం లేచి కొడుకుని తీసుకుని బయటికి వచ్చేశారు, అదొక్కటే నాకు ఆరోజు దక్కింది.

బండి ప్రస్తుతం మేస్త్రి దగ్గర విప్పి ఉంది. హెడ్ వంగింది, చదును చేయించడానికి లేత్‌కి వెళ్లింది. రేడియేటర్ కడిగి లాభం లేదన్నాడు, మార్చాల్సిందే. పంపు సీలు, మూత, సెన్సర్, గాస్కెట్టు, అన్నీ కొత్తవే.

కొనేవాళ్లకి, ఎక్కడైనా సరే, ఆయన దగ్గరే కాదు. ఫోన్ చేసి చెప్పి వెళ్లకండి, చెప్పినా "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అనండి. ముందు ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే టీ తాగి రండి, చల్లారాక చూడండి. చల్లటి ఇంజిన్ మీద కీ ఆన్ చేస్తే టెంపరేచర్ కిందే ఉండాలి, నడుస్తుంటే నెమ్మదిగా ఎక్కాలి, ఫ్యాన్ కీతో పాటు కాకుండా బాగా వేడెక్కాకే తిరగాలి, తిరిగి మళ్లీ ఆగాలి. మూత తీయించి నీళ్ల రంగు చూడండి, ఆయిల్ మూత కింద తెల్లజిగురు చూడండి. తీయనివ్వకపోతే అక్కడి నుంచి వచ్చేయండి. మరిగిన బండిలో బోరు నీళ్లు పోసి సరిపెట్టకండి, గాఢమైన (కాన్సంట్రేట్) కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలపండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను, జిల్లా వినియోగదారుల కమిషన్లో కూడా వేస్తున్నాను. 5 లక్షల లోపు విలువైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. ఇదే కన్సల్టెన్సీలో కొని మీటరు సగం దగ్గర ఆగిపోయిన బండి ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, ఆ టేపు విప్పేముందు వీడియో తీసి పెట్టుకోండి, కలిసి వేద్దాం.