పుట్టీ "ప్రో" అని అమ్ముతున్నారు, దయచేసి కొనకండి

సర్వర్‌లోకి లాగిన్ అవ్వడానికి పుట్టీ ప్రో, లైఫ్‌టైమ్ లైసెన్స్, ఫైళ్ళు ఎక్కించడానికి విన్‌ఎస్‌సీపీ కూడా కలిపి సెటప్ చేసిస్తాం అని యాడ్ కనిపిస్తే డబ్బులు కట్టకండి. పుట్టీ అంటే మన కంప్యూటర్ నుంచి దూరంగా ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అయ్యే సాఫ్ట్‌వేర్, అందులో ప్రో అనేదే లేదండి. పుట్టీ రాసిన సైమన్ టాథమ్, ఆయన టీమ్ 1990ల చివర్నుంచి దాన్ని ఫ్రీగానే ఇస్తున్నారు, విన్‌ఎస్‌సీపీ కూడా ఫ్రీయే.

మా బావ వాళ్ళ ట్రావెల్స్ బుకింగ్ సైటు ఒక వీపీఎస్ (అద్దెకు తీసుకునే వర్చువల్ సర్వర్) మీద నడుస్తుంది, ఆయన సెర్చ్ చేస్తే అన్నిటికంటే పైన ఈ యాడే వచ్చింది, యూపీఐలో రెండు వేల పైనే కట్టించుకున్నారు. తీరా నేను చూస్తే అది మామూలు పుట్టీ 0.76 వెర్షనే, లోగో మార్చి అబౌట్‌లో టాథమ్ పేరు లేపేశారు. పుట్టీది ఎవరైనా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్స్ కాబట్టి అమ్ముకోవడం తప్పు కాదు, కానీ కాపీరైట్ నోటీసు తీసెయ్యడానికి మాత్రం వీల్లేదు.

డబ్బుల సంగతి అటుంచండి, నాకు ఒళ్ళు మండింది కీ (సర్వర్ లాగిన్‌కి పాస్‌వర్డ్ బదులు వాడే ఫైల్) దగ్గర. సపోర్ట్ అతను కీ వాళ్ళ సిస్టమ్‌లోనే తయారుచేసి, పాస్‌ఫ్రేజ్ (ఆ కీకి వేసే పాస్‌వర్డ్) కూడా పెట్టకుండా పీపీకే ఫైల్ (పుట్టీ ప్రైవేట్ కీ ఉండే ఫైల్) మెయిల్‌లో పంపాడు, అంటే మా సర్వర్ ప్రైవేట్ కీ కాపీ వాళ్ళ దగ్గర ఉన్నట్టే కదా, కస్టమర్ల ఫోన్ నంబర్లన్నీ ఉన్న సర్వర్ అది! పైగా "ఇదే హై సెక్యూరిటీ" అని ఈసీడీఎస్‌ఏ పీ-521 అనే రకం కీ ఇచ్చాడు. పుట్టీ 0.68 నుంచి 0.80 వరకు సరిగ్గా ఆ రకం కీతోనే లోపం ఉంది, 2024 ఏప్రిల్‌లో బయటపడింది (ఆ లోపానికిచ్చిన నంబర్ సీవీఈ-2024-31497), ఆ కీతో చేసిన ఓ 60 డిజిటల్ సంతకాలు (లాగిన్ అయినప్పుడల్లా కీతో ఒకటి చేస్తుంది) చేతికి చిక్కితే చాలు ప్రైవేట్ కీ లెక్కగట్టెయ్యొచ్చు. 0.81లో సరిచేశారు గానీ అప్డేట్ చేస్తే సరిపోదు, పాత కీ పనికిరానట్టే.

మీరూ ఇలాంటిది కొనుంటే ముందు సర్వర్‌లో ఆథరైజ్డ్ కీస్ ఫైల్ (ఏ కీలతో లోపలికి రానివ్వాలో ఉండే జాబితా) తెరిచి వాళ్ళిచ్చిన లైను, మీకు తెలియని లైన్లు ఇంకేమైనా ఉంటే అవీ తీసెయ్యండి, కాకపోతే కొత్త కీ పనిచేస్తోందని చూసుకున్నాకే తియ్యండి, లేదంటే మీరే బయట ఉండిపోతారు. ఆ కొత్త కీ మీ మెషీన్‌లోనే పుట్టీజెన్‌తో (అసలు పుట్టీతో వచ్చే, కీలు తయారుచేసే టూల్) ఈడీ25519 అనే రకం చేసుకుని పాస్‌ఫ్రేజ్ పెట్టండి. లాగిన్ లాగ్స్‌లో తెలియని ఐపీలు ఉన్నాయేమో కూడా చూడండి. వాళ్ళిచ్చిన ఎక్జీ ఫైల్ మళ్ళీ ముట్టుకోవద్దు, పుట్టీ పేరుతో మాల్వేర్ కలిపిన నకిలీలు ఇలా యాడ్స్ ద్వారా తిరిగిన సందర్భాలు చాలానే ఉన్నాయి. పుట్టీ డాట్ ఓఆర్‌జీ అనే అడ్రస్ కూడా టాథమ్ వాళ్ళది కాదు, పేరు చూసి నమ్మెయ్యకండి.

అసలు విండోస్ 10, 11లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (ఇదే పని చేసే ఫ్రీ ప్రోగ్రామ్) మామూలుగా ముందే ఉంటుంది. పవర్‌షెల్ తెరిచి ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌తో లాగిన్, ఎస్‌ఎఫ్‌టీపీతో ఫైళ్ళు, ఏదీ కొనక్కర్లేదు, డౌన్‌లోడ్ కూడా అక్కర్లేదు.

రిఫండ్ అడిగితే డిజిటల్ ప్రొడక్ట్ కాబట్టి ఇవ్వం అన్నారు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ ఇచ్చాం. మీ దగ్గరా తీసుకునుంటే పేమెంట్ స్క్రీన్‌షాట్, వాళ్ళ మెయిల్స్ డిలీట్ చెయ్యకుండా ఉంచి మీరూ ఇవ్వండి, సర్వర్‌లోకి ఎవరో దూరినట్టు కనిపిస్తే మాత్రం ఆగకుండా సైబర్ క్రైమ్ 1930కి చెయ్యండి.