గిటార్ బైండింగ్ జిగ్: 5 గిటార్ల తర్వాత

గిటార్ అంచున బైండింగ్ (అంచు చుట్టూ అతికించే సన్నటి పట్టీ) కూర్చునే గాడి తవ్వడానికి జిగ్, అంటే పనిముట్టుని సరిగ్గా పట్టి నడిపే చట్రం, కట్టుకుని మూడేళ్లు దాటింది. ఇప్పటికి 5 గిటార్లు అయ్యాయి, మొదటిది తప్ప మిగతా నాలుగూ దాని మీదే. ఎలా కట్టాలో, ఏ కొలతలో ఇక్కడ చెప్పను, అవి ఎక్కడైనా దొరుకుతాయి. నేను మాట్లాడేది అందులో ట్రిమ్మర్‌ని (బిట్ అనే తిరిగే కత్తితో చెక్క తవ్వే చిన్న మిషన్) పట్టుకుని నిలువుగా జారే టవర్ గురించి మాత్రమే, ఎందుకంటే నాకు బాగా నచ్చింది అదే, ఒకసారి ఏడిపించిందీ అదే.

మొదటి గిటార్‌కి ట్రిమ్మర్ చేత్తో పట్టుకునే తవ్వాను. వెనక పలక చదునుగా ఉండదు, నాది 15 అడుగుల వ్యాసార్ధం వంపు. ట్రిమ్మర్ బేస్ ఆ వంపు మీద ఆనిందంటే బిట్ కూడా వాలిపోతుంది, గాడి నిటారుగా కాకుండా ఏటవాలుగా పడుతుంది. పట్టీ మందమే ఒకటిన్నర మిల్లీమీటరు, అందులో కాస్త తేడా వచ్చినా నల్లటి గీతలా కనిపిస్తుంది. నడుము దగ్గర ఆ సందుని రంపపు పొట్టు, జిగురు కలిపి పూడ్చాను. ఇప్పటికీ వేలికి తగులుతుంది.

టవర్‌లో ఆ బాధ లేదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్న 12 అంగుళాల డ్రాయర్ ఛానల్ జత, సొరుగులకి వేసేవే, నిలబెట్టి ప్లైవుడ్‌కి బిగించాను. ట్రిమ్మర్ కింద ఒక చిన్న రింగు బిట్ పక్కనే పలక అంచున ఆని ఉంటుంది, పలకతో పాటే ఎక్కి దిగుతుంది, బిట్ మాత్రం నిటారుగానే ఉంటుంది. గిటార్‌ని పట్టి ఉంచే క్రేడిల్‌లో పెట్టి, పక్కలకి మూలమట్టం ఆనించి సరిచూసుకుంటే చాలు, ఆ తర్వాత గిటార్‌ని మెల్లగా తిప్పడమే. రెండో గిటార్‌కి గాడిలో పట్టీ పెట్టి చూసినప్పుడు ఎక్కడా గోరు దూరే సందు లేదు. ఆ రాత్రి దాన్ని టేబుల్ మీద పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

నాలుగో గిటార్ దగ్గర దెబ్బ తగిలింది. ముందు రోజు రోజ్‌వుడ్ పక్కలకి ఇసుక కాగితం కొట్టాను, ఆ సన్నటి పొడి అంతా ఛానల్ గ్రీజులో చేరి ముద్దయింది, నేను చూసుకోలేదు. మర్నాడు స్ప్రూస్ పై పలక తవ్వుతుంటే నడుము దాకా వచ్చేసరికి ట్రిమ్మర్ ఒక మూడు మిల్లీమీటర్ల ఎత్తున ఆగిపోయింది. ఎందుకు దిగడం లేదా అని పైనుంచి వేలితో కొద్దిగా తట్టాను, అంతే, మొత్తం బరువుతో ఒక్కసారిగా పడింది. తిరుగుతున్న బిట్ చెక్కని లాగేసింది, రెండు అంగుళాల పేడు లేచి ఎగిరిపోయింది. స్విచ్ ఆపి, టార్చ్ పెట్టుకుని నేల మీద పొట్టంతా జల్లెడ పట్టినట్టు వెతికితే గంటకి దొరికింది. జిగురు పూసి అదే చోట పెట్టి, టేపు వేసి రాత్రంతా వదిలేశాను. తెలిసినవాళ్లు పట్టి చూస్తే తప్ప కనిపించదు, కానీ నాకు ఆ గిటార్ చూడగానే కన్ను ముందు అక్కడికే పోతుంది.

ఒకసారి కట్టుకుంటే ఇక చూసుకోనక్కర్లేదని అప్పటిదాకా అందరికీ చెప్పేవాడిని. ఆ మాట ఇప్పుడు అనను. గ్రీజు మొత్తం కిరోసిన్‌తో కడిగేసి ఛానల్స్ పొడిగానే నడుపుతున్నాను, చప్పుడు పెరిగింది, ఫర్వాలేదు. ట్రిమ్మర్ బరువు కిలోన్నర దాకా ఉంటుంది కాబట్టి పైన చిన్న కప్పీ పెట్టి, తాడు వేసి, అవతల కిలో బరువు వేలాడదీశాను. ఇప్పుడు వదిలినా మెత్తగా దిగుతుంది, స్ప్రూస్ మీద రింగు నొక్కిన గుర్తులు కూడా పడటం లేదు. నిజానికి ఇది మొదటి రోజే చేసి ఉండాల్సింది.

ఒక విషయం మాత్రం టవర్ చేతిలో లేదు. తవ్వే దిశ మనమే చూసుకోవాలి: కింది భాగం బాగా వెడల్పున్న చోట మొదలుపెట్టి నడుము వైపు ఒకసారి, మళ్ళీ అక్కడి నుంచే అడుగు వైపు ఒకసారి. ఎదురు దిశలో పోతే జిగ్ ఎంత బాగున్నా చెక్క లేచిపోతుంది.

నేను ఏడాదికి రెండు గిటార్లు కూడా చేయను, బాల్కనీలోనే పని. నాకు ఇంత జాగా ఆక్రమించినా సరిపోయింది. జీవితంలో ఒక్క గిటారే చేసుకునేవాళ్లు రెండు వారాంతాలు దీని మీద పెట్టాలా అంటే గట్టిగా చెప్పలేను, మార్కింగ్ గేజ్‌కి (అంచు వెంబడి సమాన దూరంలో గీత గీసే పనిముట్టు) కత్తి బిగించి, ఉలితో ఓపిగ్గా తీసినా అవుతుంది. వంపు ఉన్న వెనక పలకతో రెండు మూడు గిటార్లు చేసే ఆలోచన ఉంటే మాత్రం నేనైతే కట్టుకోమనే అంటాను, కప్పీతో సహా.

ఆరోదానికి పక్కలు వంచి అచ్చులో పెట్టాను. ఛానల్స్ నిన్న రాత్రే తుడిచాను.