సబ్బుపొడి ప్యాకెట్ అంతే ఉంది, లోపల తూకమే తగ్గింది: కొనేముందు చూసుకోండి

మా ఇంట్లో బట్టలుతికే సబ్బుపొడి పోసుకోవడానికి మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా ఒకటుంది. నెల మొదట్లో కేజీ ప్యాకెట్ కత్తిరించి అందులో పోస్తాను. ఏళ్ళ తరబడి అదే కంపెనీ పొడి, అదే డబ్బా. పోస్తే అంచుదాకా వచ్చేది. డబ్బాని రెండుసార్లు నేలకి తట్టి పొడి కుదిస్తే తప్ప మూత పడేది కాదు. మొన్న పోస్తుంటే గమనించాను, తట్టాల్సిన పనే రావడం లేదు. అంచుకింద దాదాపు రెండు వేళ్ళ మేర ఖాళీ మిగిలిపోయింది. ప్యాకెట్ తిరగేసి దులిపాను. మూలల్లో ఏమైనా అంటుకుని ఉందేమోనని చెయ్యి పెట్టి చూశాను. ఏమీ లేదు.

అంతకుముందు నెల మా అత్తయ్య, "ఏమ్మా, నెలాఖరు రాకముందే పొడి అయిపోయింది, చెయ్యి జారుతోందా?" అని అడిగారు. "లేదత్తయ్యా, స్పూనుతో కొలిచే వేస్తున్నాను" అన్నాను. అన్నానే గానీ, తప్పు నాదేనేమో అని రెండు రోజులు నలిగాను. ఆ నలుగుడంతా అనవసరమని డబ్బాలో ఖాళీ చూశాకే తెలిసింది.

పెరట్లో మేకుకి పాత ఖాళీ ప్యాకెట్ ఒకటి వేలాడుతూ ఉంటుంది, బట్టల క్లిప్పులు వేసుకోవడానికి. అది తెచ్చి కొత్తదాని పక్కన పెట్టాను. ఎత్తు ఒకటే, వెడల్పు ఒకటే, రంగు ఒకటే. కొత్తదాని మీద పైమూల "సరికొత్త ప్యాక్" అని ఒక మెరుపు గుర్తు మాత్రం అదనం. ఇక తూకం ఎక్కడ రాశారా అని వెతికితే వెనక కింద, అతుకు దగ్గర, చిన్న అక్షరాల్లో కనిపించింది. పాతదాని మీద 1 కేజీ. కొత్తదాని మీద 850 గ్రాములు. బిల్లులు తీసి చూశాను, ధర పైసా మారలేదు. మూడు నెలలుగా కేజీ అనుకుని 850 గ్రాములు మోసుకొస్తున్నాను.

ఇక్కడ ఒక లెక్క అందరూ తెలుసుకోవాలి. 150 గ్రాములు తగ్గింది కదా, 15 శాతం నష్టం అనిపిస్తుంది. కానీ అదే డబ్బుకి 850 గ్రాములే వస్తున్నప్పుడు, పూర్తి కేజీ కావాలంటే ఇదివరకటి కంటే దాదాపు 17.6 శాతం ఎక్కువ పెట్టాలి. తూకం తగ్గిన శాతం కంటే ధర పెరిగిన శాతం ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. అదే ధర అంతమేర పెంచి ముందు పెద్ద అక్షరాల్లో వేసి ఉంటే నేను వేరే కంపెనీ వైపు చెయ్యి చాచేదాన్ని. ధర మారితే మన కంటికి ఠక్కున తగులుతుంది. గ్రాములు మారితే తగలదు. ధర అలాగే ఉంచి తూకం తగ్గించే ఈ పద్ధతికి ష్రింక్‌ఫ్లేషన్ అని పేరు కూడా పెట్టేశారు. ఫ్రాన్స్‌లో అయితే 2024 జూలై 1 నుంచి పెద్ద దుకాణాలు ఇలా తూకం తగ్గి రేటు పెరిగిన సరుకు దగ్గర ఆ సంగతి రాసి రెండు నెలలు ఉంచాలని నిబంధన తెచ్చారు. అలాంటి బోర్డు లేనిచోట ఆ పని మన కళ్ళే చెయ్యాలి.

ప్యాకెట్ రెండూ పట్టుకుని కొన్నచోటికి వెళ్ళాను. కౌంటర్ అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. "మేడమ్, 850 గ్రాములని రాసే ఉంది కదా. మేమేం తీసెయ్యలేదు, కంపెనీ నుంచే అలా వస్తోంది" అన్నాడు. అతను చెప్పింది నిజమే. తూకం రాసే ఉంది కాబట్టి వాపసు లేదు. అది విన్నాక నాకు కోపం కంటే బాధే ఎక్కువైంది. ఎందుకంటే నేను నెలకి ఇరవై, ముప్పై రకాల వస్తువులు కొంటాను. అందులో ఎన్నింటి తూకం గతేడాది ఎంతుండేదో నాకు తెలుసు? ఒక్కదానిదీ తెలియదు.

అసలు పెద్ద దెబ్బ దీని తర్వాత తగిలింది. చిన్న ప్యాకెట్‌లో మోసపోయాం, పెద్దది తీసుకుంటే కలిసొస్తుంది అనుకుని అక్కడే "మహా పొదుపు ప్యాక్" అని రాసున్న పెద్దది తీసుకున్నాను. ఇంటికొచ్చి కాగితం మీద లెక్కేశాను. ధరని గ్రాములతో భాగించి 100తో హెచ్చించాను, అంటే వంద గ్రాములకి ఎంత పడిందో అన్నమాట. ఆ పొదుపు ప్యాక్ వంద గ్రాముల రేటు అదే కంపెనీ మధ్యసైజు ప్యాకెట్ రేటు కంటే 9 శాతం ఎక్కువ తేలింది. రెండుసార్లు లెక్కేశాను, మా ఆయన చేత మూడోసారి వేయించాను. అదే వచ్చింది. పెద్దది కొంటే చవక అన్న నమ్మకం మనలో ఎంత గట్టిగా ఉందంటే, దాని మీద పొదుపు అని రాస్తే చాలు, సరిచూసుకోవాలని తోచదు. పైగా పెద్ద ప్యాకెట్ విప్పాక తేమ తగిలి అడుగున గడ్డకట్టింది. ఆ గడ్డలు చిదిమి వాడుకోవాల్సి వచ్చింది. కలిసొచ్చేది ఏమైనా ఉన్నా అది అక్కడే పోయేది.

కాబట్టి ముందు చెప్పేది ఇదే. ఏ వస్తువైనా ప్యాకెట్ ధర చూడకండి, వంద గ్రాములకి గానీ వంద మిల్లీలీటర్లకి గానీ ఎంత పడుతోందో చూడండి. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంది, పది సెకన్ల పని. కొన్ని దుకాణాల్లో అర మీద ధర చీటీలోనే ఈ యూనిట్ రేటు చిన్నగా వేసి ఉంటుంది. అది కూడా జాగ్రత్తగా చదవాలి. ఒక కంపెనీ చీటీలో వంద గ్రాములకి, పక్క కంపెనీ చీటీలో కేజీకి, ఇంకోదానిలో "ఒక్కో ప్యాకెట్‌కి" అని ఉంటే పోల్చడానికి వీలుండదు. అన్నీ ఒకే కొలతలోకి మార్చుకోండి.

తూకంతో సరిపోని వస్తువులు కూడా ఉన్నాయి. బట్టల లిక్విడ్ తీసుకోండి. లీటరున్నర సీసా 18 ఉతుకులకి వస్తుందని, చిక్కటి లిక్విడ్ లీటరు సీసా 20 ఉతుకులకి వస్తుందని రాసి ఉందనుకోండి. ధర ఒకటే అయితే చిన్న సీసాయే లాభం. నీళ్ళు కొనడం లేదు మనం, ఉతుకులు కొంటున్నాం. ఆ మూత సంగతి కూడా చూడండి. చాలా మూతల్లో కొలత గీత లోపల ఎక్కడో కిందగా ఉంటుంది, వెలుతురులో పెట్టి చూస్తే గానీ కనిపించదు. మూత నిండా పోస్తే అవసరానికి మించి పోసినట్టే, సీసా ముందే ఖాళీ అవుతుంది. టిష్యూ పేపర్లకైతే రోల్స్ ఎన్ని అని కాదు, ఒక్కో రోల్‌కి షీట్లు ఎన్ని, షీటు ఎంత పొడవు అని చూడాలి. క్రీమ్ డబ్బాల అడుగు వేలితో తడిమి చూడండి, లోపలికి గిన్నెలా పొడుచుకొచ్చి ఉందేమో. అలా ఉంటే డబ్బా పైకి కనిపించినంత క్రీమ్ లోపల ఉండదు. టూత్‌పేస్ట్ మూతి వెడల్పైతే అదే పొడవు పేస్ట్‌కి ఎక్కువ ఖర్చవుతుంది.

ఇక ఆఫర్లు. పొడి దెబ్బ తిన్నాక వీటి లెక్క కూడా వేశాను. "రెండోది సగం ధరకే" అంటే చెవికి 50 శాతంలా వినిపిస్తుంది, రెండూ కలిపితే తగ్గేది 25 శాతమే. అదీ రెండూ మీకు అవసరమైతేనే. "20 శాతం అదనం ఉచితం" అంటే 20 శాతం తగ్గింపు కాదు, లెక్కకి 16.7 శాతం తగ్గింపుతో సమానం. "50 శాతం, దాని మీద మరో 20 శాతం" అంటే 70 కాదు, 60. ఎందుకంటే ఆ రెండో తగ్గింపు మిగిలిన సగం మీదే వేస్తారు. "70 శాతం వరకు" అన్నప్పుడు ఆ "వరకు" అనే మాట దగ్గర ఆగండి. మూలన ఒక్క వస్తువుకి 70 ఉన్నా ఆ బోర్డు నిజమే అవుతుంది.

గీత గీసి కొట్టేసిన పాత ధర గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, నేను ఎక్కువసార్లు పడింది దానికే. కొట్టేసినా సరే, ఆ అంకె మనసులో నాటుకుపోతుంది. 1974లో ట్వెర్‌స్కీ, కానెమన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు రాసిన పరిశోధనా వ్యాసంలో ఒక ప్రయోగం ఉంది. అంకెల చక్రం ఒకటి మనుషుల ముందు తిప్పేవారు. అది 10 దగ్గర గానీ 65 దగ్గర గానీ మాత్రమే ఆగేలా ముందే అమర్చి పెట్టారు. తర్వాత ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతం ఉంటాయని అడిగారు. చక్రానికీ ప్రశ్నకీ ఏ సంబంధమూ లేదు. అయినా 10 చూసినవాళ్ళు సుమారుగా 25 శాతం అన్నారు, 65 చూసినవాళ్ళు 45 అన్నారు. ఊరికే తిరిగిన చక్రమే అంత లాగితే, వస్తువు పక్కనే రాసిన పాత ధర మనల్ని ఎంత లాగాలి? అందుకే ఐరోపా సమాఖ్యలో 2022 మే నుంచి, తగ్గింపు ప్రకటిస్తే అంతకుముందు కనీసం 30 రోజుల్లో ఆ దుకాణం అమ్మిన అతి తక్కువ ధరనే పాత ధరగా చూపాలని నియమం పెట్టారు. ఆ నియమం లేనిచోట కొట్టేసిన అంకెని వేలితో మూసేయండి. కనిపిస్తున్న ధరకి ఈ వస్తువు నాకు కావాలా అని మాత్రమే మిమ్మల్ని మీరు అడగండి.

ఆన్‌లైన్‌లో నాకు జరిగింది వేరే రకం. తలకి పెట్టుకునే నూనె ఒకటి "ప్రతినెలా పంపండి" అనే పద్ధతిలో పెట్టుకున్నాను, మొదటిసారి మంచి తగ్గింపు వచ్చింది. ఐదు నెలల తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తే మొదటి నెలకీ ఐదో నెలకీ మధ్య ధర మూడోవంతు పెరిగింది. షరతుల్లో "పంపే రోజున ఉన్న ధరే వర్తిస్తుంది" అని ఉందట, తగ్గింపు కూడా మొదటి ఆర్డర్‌కేనట. ధర మారినప్పుడు మెయిల్ పంపారు, నేను తెరవలేదు. ఆపుదామంటే పెట్టడానికి ఒక్క నొక్కు సరిపోయింది, ఆపడానికి ఐదు పేజీలు తిరిగాను. ప్రతి పేజీలోనూ "ఉంచండి" అన్న బటన్ రంగుల్లో మెరుస్తోంది, "ఆపండి" అన్నది బూడిద రంగులో సన్నగా ఉంది. ఇలాంటి పన్నాగాలకి 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టాడు. డబ్బు కట్టేముందు బుట్టలో ఉన్నవన్నీ ఒక్కసారి పైనుంచి కిందకి చదవండి. మీరు పెట్టని టిక్కు ఏదైనా ముందే పెట్టి ఉందేమో చూడండి, బీమా అనీ ప్యాకింగ్ అనీ చందా అనీ. ప్రతినెలా వచ్చేవి ఏమైనా పెట్టుకుంటే వచ్చే తేదీకి రెండు రోజుల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకుని ధర చూసుకోండి.

ఉచిత డెలివరీ కోసం అక్కర్లేనివి వేసుకోవడం గురించి అందరికీ తెలుసు కాబట్టి వదిలేస్తున్నాను. దుకాణంలో మాత్రం, నాలుగు వస్తువులకి వెళ్ళినప్పుడు చక్రాల బండి తీసుకోకండి. 1937లో సిల్వాన్ గోల్డ్‌మన్ అనే దుకాణదారు ఆ బండిని తయారు చేయించింది ఎందుకంటే, చేతిబుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని. ఆ బరువు మనకి మేలు చేసే బరువు.

ఇప్పుడు నేను ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకున్నాను. నెలనెలా తప్పక కొనే వస్తువులు 22 తేలాయి. ఒక్కోదానికి ఒక్కో పేజీ. తేదీ, తూకం, వంద గ్రాముల రేటు, ఏ సైజు, అంతే. కొనేటప్పుడు పాత వరుస చూసుకుంటాను. రెండు నెలలకే షాంపూ సీసాలో 20 మిల్లీలీటర్లు తగ్గినట్టు, గిన్నెలు తోమే సబ్బు ఒకటి 10 గ్రాములు సన్నబడినట్టు పట్టుకున్నాను. ఆ సబ్బు మార్చేశాను. షాంపూ ఇంకా చూస్తున్నాను, పక్క కంపెనీది వంద మిల్లీలీటర్లకి దానికంటే ఎక్కువే పడుతోంది.

సబ్బుపొడి ఇప్పుడు మధ్యసైజుదే తెస్తున్నాను, ఉన్న వాటిలో అదే చవక. పాత కేజీ ప్యాకెట్‌లోంచి క్లిప్పులు తీసేసి, దాన్ని మడిచి నోటుపుస్తకం వెనక అట్టలో పెట్టాను. మీ ఇంట్లో కూడా పాతవి ఏమైనా ఉంటే, బయట పడేసే ముందు తూకం రాసున్న చోట ఫోటో తీసి పెట్టుకోండి.