కనోలా మొలకను కాపాడేది మందు పూసిన విత్తనమా, సాగు పద్ధతా?

కనోలా ఒక నూనెగింజల పంట, మన ఆవ మొక్కకు దగ్గరి చుట్టం. కెనడాలోని మానిటోబా, సస్కాచెవాన్, అల్బర్టా మైదానాల్లో మే నెలలో అది మొలిచీ మొలవగానే ఫ్లీ బీటిల్ అనే పెంకు పురుగు వచ్చి పడుతుంది. నువ్వుగింజంత కూడా ఉండదు, దగ్గరికి వెళితే ఎగిరి దూకుతుంది. బీజదళాలను, అంటే మొలక తొలి ఆకులను, చిల్లులు చిల్లులుగా కొరికేస్తుంది. ఎండ కాసే రోజుల్లో మొలక తేరుకునే లోపే పొలం పలచబడిపోతుంది.

అక్కడ అమ్మే కనోలా విత్తనం దాదాపు అంతా పురుగుమందు పూతతోనే వస్తుంది. రైతుకు శ్రమ లేదు, మొదటి మూడు నాలుగు వారాలు రక్షణ ఉంటుంది. అయితే ఆ గడువు మొలిచిన రోజు నుంచి కాదు, విత్తిన రోజు నుంచి మొదలవుతుంది. నేల చల్లగా ఉండి మొలక ఆలస్యమైతే మందు బలం మట్టిలోనే కరిగిపోతుంది. పైగా ఆకు కొరికితేనే పురుగు చస్తుంది. చారల రకం పురుగు నల్ల రకం కంటే ముందే బయటికి వస్తుంది, విత్తనానికి పూసే నియోనికోటినాయిడ్ రకం మందులనూ ఎక్కువగా తట్టుకుంటుంది.

సాగు పద్ధతుల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది విత్తన మోతాదు. మధ్య అల్బర్టాలో కీటక శాస్త్రవేత్త లాయిడ్ డోస్‌డాల్ బృందం చేసిన ప్రయోగాల్లో విత్తనం ఎక్కువ వేసిన చోట, దున్నకుండా విత్తిన చోట పురుగు నష్టం తగ్గింది. పురుగులు అన్నే ఉన్నా మొక్కలు ఎక్కువైతే ఒక్కో మొక్కకు పడే కాట్లు తగ్గుతాయి. చదరపు అడుగుకు 5 నుంచి 8 మొక్కలు నిలవాలి. హైబ్రిడ్ విత్తనం ఖరీదని చాలామంది ఇక్కడే చేయి బిగిస్తారు. అది తప్పుడు పొదుపు అని గట్టిగా చెబుతాను. పంట మార్పిడి తెగుళ్లకు మంచిదే కానీ ఈ పురుగును ఆపదు. చెట్ల వరసల కింద రాలిన ఆకుల్లో చలికాలం గడిపి, ఎక్కడ కనోలా ఉంటే అక్కడికి ఎగిరి వస్తుంది.

అలాగని పద్ధతులొక్కటే చాలవు. యూరోపియన్ యూనియన్ 2018లో మూడు నియోనికోటినాయిడ్లను ఆరుబయట పొలాల్లో వాడకుండా నిషేధించింది, దాంతో అక్కడ ఆ మందుల పూత విత్తనం లేకుండా పోయింది. ఇంగ్లండ్‌లో కాండం తొలిచే మరో ఫ్లీ బీటిల్ అప్పటికే పైరిత్రాయిడ్ అనే మరో రకం పురుగుమందు పిచికారీలకు లొంగడం మానేసింది. తోడు పంటలు వేశారు, చలికాలంలో పైరు మీదే గొర్రెలను మేపి పురుగు పిల్లలను తగ్గించాలని చూశారు. అయినా ఎందరో రైతులు ఈ పంటనే వదులుకున్నారు.

అందుకే కెనడా రైతుకు నా ఓటు రెండూ కలిపిన దారికే. పూత విత్తనమే వేయాలి, కానీ నేల కాస్త వెచ్చబడ్డాక, లోతు తక్కువగా, మోతాదు కోయకుండా వేయాలి. పిచికారీ చివరి ఆయుధం, ఎందుకంటే అది మిత్ర పురుగులనూ చంపుతుంది. ఆకు విస్తీర్ణంలో 25 శాతం పోయి, పురుగు ఇంకా తింటూ ఉంటేనే యంత్రం బయటికి తీయాలి. నాలుగు ఆకులు విచ్చుకున్నాక మొక్క సాధారణంగా పురుగు తిండిని మించి పెరుగుతుంది. అప్పుడు మందు డబ్బా మూత తీయవలసిన పని ఉండదు.