ట్రావెల్ బాటిళ్ల సెట్: కొనే ముందు అడుగున చూడండి

మా చెల్లి డల్లాస్ వెళ్తుంటే నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక షాపులో నాలుగు చిన్న బాటిళ్ల సెట్ కొన్నాను. మూత గట్టిది, కొబ్బరి నూనె పోసి రాత్రంతా తలకిందులుగా పెట్టినా చుక్క కారలేదు, అది మాత్రం నిజంగా బాగుంది. కానీ డబ్బా మీద "విమానానికి సరిపోతుంది" అని పెద్దగా రాసి, బాటిల్ అడుగున 4 ఔన్సులు అని చిన్నగా వేశారు. అమెరికా లెక్కలో ఒక ఔన్సు దాదాపు 29.6 మి.లీ., అంటే 118 మి.లీ. అన్నమాట! క్యాబిన్ బ్యాగులో ఒక్కో సీసా 100 మి.లీ. దాటకూడదు, అంటే 3.4 ఔన్సులు. సగమే పోశాం కదా అంటే శంషాబాద్ సెక్యూరిటీలో ఒప్పుకోలేదు, వాళ్లు చూసేది సీసా సైజే. నాలుగూ అక్కడే వదిలేసింది పాపం, ఒకటే టెన్షన్. షాపతనికి చెబితే మార్చి ఇవ్వలేదు. ఇంట్లో వాడుకోవడానికైతే తీసుకోండి, ప్రయాణానికి మాత్రం 100 మి.లీ. అని అచ్చు వేసినవే అడగండి. 5కి 2 ఇస్తున్నాను, ఆ రెండూ మూతకే.