జిప్పు సీడీ పౌచ్: ఖాళీ జేబు మీద నా ప్రేమ, దాని హద్దులు

షాపుల్లో సీడీ పౌచ్ అని అడిగితే ఇచ్చే, పేజీల్లో డిస్కులు పెట్టుకునే జేబులున్న పెద్ద సైజు జిప్పు ఆల్బమ్ ఇది. దీని గురించి నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఇందులో ఒక డిస్కు లేకపోతే, లేదని కంటికి కనిపిస్తుంది. ఆ ఒక్క గుణం కోసమే ఇన్నేళ్లుగా దీన్ని వదలకుండా వాడుతున్నాను. ఎన్ని డిస్కులు పడతాయి, అట్ట ఏ రంగు, హ్యాండిల్ ఉందా లేదా అన్నవి అందరూ చూసినవే కాబట్టి వాటి జోలికి పోను.

ప్లాస్టిక్ డబ్బాల్లో సీడీలు పెట్టుకునే ఇళ్లలో ఉండే బాధ నాకు బాగా తెలుసు. అలమరలో డబ్బాలు వరసగా ఉంటాయి, పక్కన అంచు మీద పేర్లు చక్కగా కనిపిస్తాయి. ఈమని శంకరశాస్త్రి గారి వీణ వినాలనిపించి డబ్బా తెరిస్తే లోపల షేక్ చిన మౌలానా గారి నాదస్వరం ఉంటుంది. ప్లేయర్లో ఉన్నది తీసి కొత్తది పెట్టేవాళ్లు, తీసినదాన్ని చేతికి అందిన డబ్బాలో పెట్టేస్తారు. వీణ డబ్బాలో నాదస్వరం చేరిందంటే వీణ ఇంకో డబ్బాలోకి పోవాలి, అందులోది మరో దాంట్లోకి. ఒక్కసారి మొదలైతే ఆ గొలుసు ఎక్కడ ఆగుతుందో తెలీదు. అయినా బయటినుంచి చూస్తే అలమర నిండుగానే ఉంటుంది, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నట్టే ఉంటుంది. డిస్కు పోయిన సంగతి అది అవసరం పడిన రోజున గాని తెలియదు. అప్పటికి అది ఎవరి కారులో ఉందో, ఎవరి ఊరెళ్లిందో!

పౌచ్‌లో ఆ మోసం లేదు. పేజీ తిప్పితే మూడు డిస్కులు మెరుస్తుంటాయి, నాలుగో చోట నల్లగా ఖాళీ కనిపిస్తుంది. రాత్రి పడుకునేముందు ఒకసారి పేజీలు తిరగేస్తే చాలు, ఏది ఇంటికి రాలేదో తెలిసిపోతుంది. ఆ రోజు ఎవరు విన్నారో, ఎక్కడ పెట్టారో అందరికీ ఇంకా గుర్తుండగానే అడగొచ్చు. వెతుకులాట అనేది ఎంత ఆలస్యమైతే అంత కష్టం. ఈ పౌచ్ దాన్ని అదే రోజుకి తెచ్చిపెట్టింది. నాకు దీనిమీద ప్రేమ పుట్టింది అందుకే.

అయితే ఖాళీగా ఉన్నది ఏ డిస్కు జేబో తెలియాలంటే ప్రతి డిస్కుకీ ఒక స్థిరమైన చోటుండాలి. చాలామంది అక్షరక్రమంలో సర్దుతారు. మన సంగీతానికి అది కుదరదని నా గట్టి అభిప్రాయం. ఎస్. జానకి, ఎస్. రాజేశ్వరరావు, ఎస్. వరలక్ష్మి, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, అందరూ ఒకే అక్షరం కింద గుమిగూడతారు. ఘంటసాలని ఇంటిపేరుతో వెతుకుతాం, బాలమురళీకృష్ణని అసలు పేరుతో వెతుకుతాం. ఆయన్ని మంగళంపల్లి అని 'మ' కింద పెట్టినవాళ్లూ ఉన్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే 'శ్రీ' అన్న ఒక్క మాటకే రెండు మూడు స్పెల్లింగులు. కచేరీ డిస్కులో గాత్రం ఒకరిది, వయొలిన్ ఇంకొకరిది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పక్క వాద్యం వాయించిన కచేరీని ఎవరి పేరు కింద పెట్టాలి? నాకైతే ఆయన పేరు కిందే పెట్టాలనిపిస్తుంది. పేరు సంగతి ఎలాగో తేల్చుకున్నా, పౌచ్‌లో మధ్యలో ఒక కొత్త డిస్కు చేర్చాలంటే దాని తర్వాతవన్నీ ఒక్కో జేబు జరపాలి. వారం వారం కొనేవాళ్లకి ఇది అయ్యే పని కాదు.

గ్రంథాలయాల్లో కొత్త పుస్తకం రాగానే రిజిస్టర్లో వరసగా ఒక నంబరు వేస్తారు, ఆ నంబరు మళ్లీ మారదు. నేనూ అదే పట్టుకున్నాను. కొన్న వరసలోనే నంబరు, ఆ నంబరే జేబు. వీణ పక్కన సినిమా పాటలుంటాయి, వాటి పక్కన హరికథ ఉంటుంది, ఏమీ ఫరవాలేదు. వెతకడానికి ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. అందులో గాయకుల పేరుతో ఒక పేజీ, సంగీత దర్శకుల పేరుతో ఇంకోటి, రాగాల పేరుతో మరోటి. ఒకే డిస్కు నాలుగు చోట్ల కనిపించొచ్చు, దాని చోటు మాత్రం ఒక్కటే. నంబరు రాసేది డిస్కు మధ్య కన్నం చుట్టూ పారదర్శకంగా ఉండే వలయం మీద, సీడీల కోసం అమ్మే మార్కరుతో. అచ్చు వేసిన వైపు బాల్‌పెన్‌తో ఎప్పుడూ రాయకండి. పాట ఉండే పొర ఆ వైపుకే చాలా దగ్గరగా ఉంటుంది. అడుగున 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కాపలా ఉంది గానీ పైన పల్చటి వార్నిష్ లాంటి పూత, దానిమీద రంగు, అంతే.

ఈ నంబర్ల పద్ధతిలో నేను ఎదురుచూడని మేలు ఒకటి జరిగింది. అమ్మకి ఫోన్లో పాటలు పెట్టుకోవడం అలవాటు కాలేదు. కానీ నోట్‌బుక్ చదివీ చదివీ నంబర్లు నోటికొచ్చేశాయి. "ఒరేయ్, ఆ ముప్ఫై నాలుగు పెట్టరా" అంటుంది. ఎవరు పాడారు, ఏ కీర్తన అన్న చర్చే ఉండదు. చుట్టాలొచ్చినప్పుడు వాళ్ల ముందు నంబర్లు చెప్పడం ఆవిడకి ఎంతో ఇష్టం.

ఇక అసలు సంగతికి వస్తాను. ఒక సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు. అక్క పిల్లలు పాత సినిమా పాటల డిస్కులు వరసగా పెట్టుకుని విన్నారు. తీయడం, పెట్టడం అంతా వాళ్లే. నాకూ సంతోషంగా అనిపించింది, ఈ రోజుల్లో పెండ్యాల, రమేశ్ నాయుడు పాటలు అడిగి వినే పిల్లలు ఎక్కడ దొరుకుతారు? పండగ అయి అందరూ వెళ్లాక పేజీలు తిరగేస్తే 112 ఖాళీ. నోట్‌బుక్ చూడక్కర్లేకుండానే గుండె గుభేల్‌మంది. అది బజార్లో కొన్న డిస్కు కాదు. వోలేటి వెంకటేశ్వర్లు గారి కచేరీ రేడియోలో వస్తుంటే నాన్న టేప్‌రికార్డర్ దగ్గర కూర్చుని పట్టుకున్నది. కేసెట్ నుంచి సీడీలోకి ఎక్కించి పెట్టుకున్నాం. నాన్న చేతిరాత ఉందని కేసెట్‌ని దాచాను గానీ లోపల టేపు బూజు పట్టి ఇక పనికిరాదు. సీడీలోకి ఎక్కించి ఇచ్చిన షాపు ఎప్పుడో మూసేశారు. ఆ కచేరీకి మా ఇంట్లో ఉన్న కాపీ అదొక్కటే.

ప్లేయర్ ట్రే, కారు, ల్యాప్‌టాప్, టీవీ వెనకాల, సోఫా దిండ్ల కింద, అన్నీ చూశాం. అక్క ఊళ్లో బ్యాగులన్నీ మళ్లీ విప్పి చూసి ఫోన్ చేసింది. "లేదురా, పిల్లల స్కూలు పుస్తకాల మధ్య కూడా చూశాను" అంది, పాపం దాదాపు ఏడుపు గొంతుతో. పౌచ్‌లో వెతకాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వచ్చే అవకాశమూ లేదు, 112 ఖాళీ అని కనిపిస్తోంది, మిగతావి అన్నీ నిండుగా కనిపిస్తున్నాయి. అమ్మ ఏమీ అనలేదు, నూట పన్నెండు అడగడం మానేసింది.

వానాకాలంలో ఒకరోజు 87 తీయబోతే డిస్కు జారిరాకుండా పట్టేసింది. వేలు పెట్టి లాగితే డిస్కు, దాని వెనకాల కవర్ కాగితం, ఆ కాగితం వెనకాల ఇంకో డిస్కు. తెల్లటి పైభాగం, మధ్య వలయం మీద నా అక్షరాల్లో 112. ఆ రోజు అమ్మ వంట మధ్యలో స్టవ్ ఆపి వచ్చి కూర్చుని కచేరీ మొత్తం వింది. ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

అది అక్కడికి ఎలా వెళ్లిందో ఆలోచిస్తే తప్పు పిల్లలది అనిపించలేదు. పౌచ్ తయారీలోనే ఉంది. డిస్కుతోపాటు కవర్ కాగితం కూడా పట్టాలని జేబుని కాస్త వదులుగా కుట్టారు. కాగితం పట్టే చోట రెండో డిస్కూ పడుతుంది. 87 బయట పాడుతున్నప్పుడు ఆ జేబులో కాగితం ఒక్కటే ఉండి ఉంటుంది. పిల్లలు 112ని ఆ కాగితం వెనక్కి తోశారు, తర్వాత 87 తన చోటుకి వచ్చి కాగితం ముందు కూర్చుంది. అంటే డబ్బా చేసిన మోసమే నిండు జేబూ చేయగలదు. ఖాళీ జేబు పోయిందని చెబుతుంది, అంతవరకు నిజం. ఎక్కడికి పోయిందో చెప్పదు. ఇదివరకు ఈ పౌచ్ ఉంటే డిస్కు పోయే ప్రశ్నే లేదని తెలిసినవాళ్లందరికీ చెప్పేవాణ్ని. ఇప్పుడు, పోయినట్టు త్వరగా తెలుస్తుంది అని మాత్రమే చెబుతున్నాను.

ఆ తర్వాత రెండు అలవాట్లు చేసుకున్నాం. పేజీలు తిరగేసేటప్పుడు ప్రతి జేబునీ బొటనవేలితో నొక్కి చూడటం ఒకటి. రెండు డిస్కులుంటే చేతికి మందం తెలుస్తుంది. డిస్కు బయటికి వెళితే ఆ జేబులో ఒక అట్టముక్క పెట్టడం రెండోది. పాత శుభలేఖల అట్టలు దీనికి సరిగ్గా సరిపోతాయి, గట్టిగా ఉంటాయి, వెనకవైపు రాసుకోవడానికి ఖాళీ ఉంటుంది. "కారు", "అక్క" అని రాసి తారీఖు వేస్తే చాలు. జేబు ఖాళీగా ఉండి అట్టముక్క లేకపోతేనే ఇప్పుడు టెన్షన్.

మిగతా లోపాలు కూడా చెప్పాలి. కవర్ కాగితాల్ని నేను జేబుల్లోంచి తీసేశాను. కర్ణాటక సంగీతం సీడీలకి ఆ కాగితమే ప్రాణం, రాగం, తాళం, మృదంగం ఎవరు అన్నవన్నీ అందులోనే ఉంటాయి. వాటిని నంబరు వరసలో ఒక చెప్పుల డబ్బాలో పెట్టుకున్నాను, కానీ డిస్కు ఒక చోట, దాని కాగితం ఒక చోట ఉండటం నాకు ఇప్పటికీ నచ్చదు. రెండోది ఎండ. మే నెలలో 40 డిగ్రీలు దాటే విజయవాడలో జేబు పైనుండే ప్లాస్టిక్ మెత్తబడి, అచ్చు వేసిన వైపు అంటుకుంటుంది. తీసేటప్పుడు చర్రున శబ్దం వస్తుంది. కాగితం లేబుల్ అంటించిన డిస్కులైతే ఇందులో పెట్టనే వద్దు. పౌచ్‌ని పడుకోబెడితే బరువంతా అడుగు పేజీల మీద పడుతుంది, అందుకని పుస్తకంలా నిలబెడతాను. అలా నిలబెడితే పేజీల కుట్టు కిందికి సాగుతోంది. ఏది తక్కువ నష్టమో చూసుకుని నిలబెట్టడానికే మొగ్గాను. ఒక పేజీ కుట్టు ఊడితే మా వీధి చివర చెప్పులు కుట్టే ఆయన వేసిన కుట్టు, కంపెనీ కుట్టు కన్నా గట్టిగా నిలిచింది. వంద పైన పాటలుండే ఎంపీ3 డిస్కులకి పౌచ్ వల్ల ఉపయోగం తక్కువ. ఒక్కో డిస్కుకి నోట్‌బుక్‌లో రెండేసి పేజీలు పోతాయి.

112 దొరికిన వారమే అన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టాను, నాణ్యత ఏమాత్రం తగ్గకుండా కుదించే ఫ్లాక్ పద్ధతిలో. అక్కడా ఇదే చిక్కు. మామూలు ఆడియో సీడీలో పాటల పేర్లు సాధారణంగా ఉండవు. ఏ ట్రాక్ ఎంతసేపు ఉందో ఆ కొలతల్ని బట్టి సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్లో పేర్లు వెతికి తెస్తుంది. అలా పేర్లిచ్చే ఫ్రీడీబీ అనే ఉచిత జాబితాని 2020లో ఆపేశారు. ఇప్పుడు మ్యూజిక్‌బ్రెయిన్జ్ వాడుతున్నాను. తెలుగు డిస్కులకి పేర్లు దొరికితే దొరికినట్టు, దొరికినా స్పెల్లింగు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. కేసెట్ నుంచి ఎక్కించిన 112 లాంటివాటికి అసలేమీ దొరకదు. అందుకే ఫోల్డర్ పేరు ముందు జేబు నంబరే పెట్టాను. పౌచ్‌లో 112 అయితే కంప్యూటర్లోనూ 112. వినే చోటు మారినా అమ్మ అడిగే పద్ధతి మారలేదు.

కొనాలా వద్దా అంటే అందరికీ ఒకే మాట చెప్పలేను. మా ఇంట్లో ఇంకా సీడీ ప్లేయర్ ఆడుతోంది, నంబరు చెప్పి పాట అడిగే మనిషి ఉంది, వచ్చిపోయే చుట్టాలున్నారు, అలమరలో చోటు లేదు. ఇవన్నీ ఉన్న నాకు ఇది సరిపోయింది. ఒక అరకి సరిపడా డిస్కులే ఉన్నవాళ్లకి, కవర్ కాగితం చూస్తూ వినేవాళ్లకి డబ్బాలే మేలు. కొనేటట్టయితే షాపులోనే ఒక జేబులో రెండు డిస్కులు కలిపి పెట్టి చూడండి. తేలిగ్గా దిగిపోతే ఆ పౌచ్ తీసుకోకండి. మా పౌచ్‌లో చివరి పేజీ ఒక్కటే ఖాళీగా మిగిలింది. బిగుతు జేబులు, ఊడదీసి మళ్లీ పెట్టుకునే పేజీలు ఉన్న రింగు ఫైలు లాంటిది చూస్తున్నాను. ఇప్పుడు షాపుల్లో ఇవి కనబడటమే తగ్గిపోయింది కాబట్టి, అది దొరక్కపోతే ఇదే రకం ఇంకొకటి తెచ్చి జేబుల వెడల్పు తగ్గేలా ఆ చెప్పులు కుట్టే ఆయన దగ్గరే కుట్టిస్తాను.